గుండెకు గల ఒర

దేహమందలి ముఖ్యావయవములు పొరలు కప్పుకొనియే యున్నవి. ఊపిరితిత్తులకు జంటపొరల సంచి కలదు. మెదడునకు మూడు పొరలు గలవు. ధాతువులకును ఆశయములకును నడుమనుండు పొరలను సుశ్రుతుడు 'కళలు' అని పేర్కొని, అవి ఏడని శారీరస్థానమున లెక్కించెను. నేటి శస్త్రవైద్యుడు చూచు పొరలు సరిగా ఆ కళలే యనుట సాహసము. అయినను పొరను సైతము పేరిడి విచారింపదగిన వస్తువుగా ఆయన చూచుట విశేషము.

వీనిలో హృదయావరణమును చూడుడు. వెలుపలిది దృఢమైన నారపొర. లోపలిది పలుచని జంటపొర. ఆ జంటపొర నడుమ నుండు ద్రవము 15 మొదలు 50 మిల్లీలీటర్లు మాత్రమే. దినమునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొను గుండె ఒరపిడి లేక కదలుట ఆ స్వల్పద్రవము వలననే. నారపొర గుండెను తనచోట నిలుపును. హఠాత్తుగా మితిమీరి ఉబ్బనీయదు.

కాపాడునదియే బంధించునదియు కావచ్చును. గాయము వలన ఆ సంచిలోనికి కొద్దిసేపటిలో 200 మిల్లీలీటర్ల రక్తము చేరినచో నారపొర సాగదు. నిండుటకు చోటు లేక గుండె ఆగిపోవచ్చును. అదే ద్రవము నెలల తరబడి మెల్లగా చేరెనా, పొరయు మెల్లగా సాగి లీటరునైనను భరింపగలదు. ఇంకొక వ్యాధి కలదు. మన దేశమున తరచుగా క్షయ కారణముగా ఈ పొర దళసరియై, ఒక్కొక్కప్పుడు సున్నము పేరుకొని, చిప్పవలె గట్టిపడును. లోపలి కండరము బాగుగనే యుండవచ్చును. కాని గుండె విచ్చుకొనలేదు. రోగికి కాళ్లును పొట్టయు నీరుపట్టును. శస్త్రవైద్యుడు గుండెను మార్చడు. దానిమీది చిప్పను ఓపికతో ఒలిచివేయును. ఆ ఒర లేకయే గుండె పిదప కొట్టుకొనుచుండును.

'కోశము' అనగా ఒర. అన్నమయము మొదలు ఆనందమయము వరకు ఐదింటికి వేదాంతులు ఆ పేరే పెట్టిరి. ఉపమానము పూర్తిగా అతుకదు. గుండెయు అన్నమయమే కదా! కాని 'నేను' అను భావము విషయమున ఇది సరిపోవును. అది లేనిదే నియమము పట్టువాడెవ్వడు? సాధకుని తొలినాళ్లలో అదియే కాపు. గట్టిపడినదా, లోనిదానికి లోపమేమియు లేకున్నను, మనుష్యుడు ఊపిరాడక తపించును.

శరీరమును నిందించుటయే వైరాగ్యమని తలచువారు కలరు. తైత్తిరీయమున వరుణుడు అట్లు చేయలేదు. అన్నమే బ్రహ్మమని తెలిసికొని భృగువు తిరిగి రాగా, తండ్రి కాదనలేదు, ఔననలేదు, తపస్సుచే తెలిసికొమ్మనెను. ప్రాణము, మనస్సు, విజ్ఞానము - ప్రతిసారియు అదే మాట. ఆనందమును తెలిసికొనిన పిదప భృగువు మరల అడుగ రాలేదు.