వేళకి తిండి పెడుతున్నారుగా!

మా అమ్మ పులిహోర కలపకుండా ఏ ప్రయాణానికీ గడప దాటదు. తిరుపతి వెళ్ళినా పులిహోరే, పొరుగూరి పెళ్ళికెళ్ళినా పులిహోరే. 2023 వేసవిలో అమెరికాలో సముద్ర జంతువుల పార్కు చూడబోయిన రోజున కూడా, తెల్లవారుజాము నాలుగింటికే మా చెల్లెలి వంటింట్లో ఇంగువ పోపు ఘుమఘుమలాడిపోయింది.

మా చెల్లెలు వాళ్ళుండేది ఫ్లోరిడాలో, టాంపాలో. అక్కణ్ణించి ఓర్లాండోలోని సీవరల్డ్‌కి కారులో గంటన్నర. నేను వాళ్ళింటికి వెళ్ళింది చుట్టపుచూపుగా, నెల్లాళ్ళకి. అమ్మ మాత్రం నాన్న పోయిన దగ్గర్నించీ, రెండేళ్ళుగా అక్కడే ఉంటోంది. టిక్కెట్ల ఖరీదు నేను రూపాయల్లోకి మార్చుకుని గుండెలు బాదుకుంటుంటే, "అలా మార్చకూడదక్కా, ఇక్కడ నీళ్ళు కూడా తాగలేవు" అని నవ్వింది చెల్లెలు. బయటి తిండి లోపలికి రానివ్వరట. అందుకని కార్లు ఆపే చోటే, డిక్కీ తెరిచి పెట్టుకుని, కాగితం పళ్ళాల్లో పులిహోరా దద్దోజనం కానిచ్చేశాం.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ పార్కు బాగా నచ్చింది. పెంగ్విన్లు పెళ్ళిపెద్దల్లా అటూ ఇటూ తిరుగుతుంటే పడీపడీ నవ్వాను. నీటి తొట్టెలో చెయ్యి పెట్టి, మెత్తగా జారిపోయే టేకు చేపని ముట్టుకున్నాను. పడవలు తగిలి గాయపడ్డ సముద్రపు ఆవుల్ని తెచ్చి, వైద్యం చేసి, మళ్ళీ నీళ్ళల్లో వదులుతారని విని, మంచి పనే చేస్తున్నారనుకున్నాను.

అందరూ ఎదురుచూసే ఆట మధ్యాహ్నం. కొలను చుట్టూ స్టేడియం. కిల్లర్ వేల్ అని దానికి పేరు. మనం తిమింగలం అనేస్తాం గానీ, అది డాల్ఫిన్ల కుటుంబంలో అందరికంటే పెద్దది. నల్లటి ఒంటి మీద సున్నం వేసినట్టు తెల్లటి మచ్చలు. అంత ఒళ్ళూ నీళ్ళల్లోంచి బాణంలా పైకి లేచి, దబ్బున పడి, ముందు వరసల వాళ్ళని నిలువునా తడిపేసింది. తడవడానికే ఆ వరసల్లో కూర్చుంటారట! చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను. ఒడ్డున నిలబడ్డ శిక్షకురాలు చేప విసిరితే అది నోరు తెరిచి అందుకుంది.

చెల్లెలి కూతురు చిట్టికి ఏడేళ్ళు. ఆట అయిపోయాక అడిగింది:

"పెద్దమ్మా, ఇప్పుడది ఇంటికెళ్ళిపోతుందా?"

"ఇదే దాని ఇల్లమ్మా" అన్నాడు మా మరిది.

చిట్టి కొలను వంక చూసింది. ఈ చివర్నించి ఆ చివరికి చూడ్డానికి దానికి తల తిప్పాల్సిన పని కూడా లేకపోయింది. "మరి వాళ్ళమ్మో?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అమ్మే అందుకుంది. "వేళకి తిండి పెడుతున్నారు, జబ్బు చేస్తే డాక్టర్లున్నారు, చల్లటి నీళ్ళున్నాయి. ఇంకేం తక్కువే దానికి?"

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. ఎక్కడో ఏమిటి, నా నోటే! రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఫోన్లో నేను అమ్మతో అంటున్న మాటే అది. "నీకేం తక్కువమ్మా అక్కడ?"

ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జీవుల గురించి దొరికినంత మేరా చదివాను. సముద్రంలో అవి రోజుకి వంద కిలోమీటర్లకు పైగా ఈదగలవట. ఆడవాటిలో 80 ఏళ్ళు దాటి బతికినవి ఉన్నాయట. అమెరికా, కెనడా దేశాల పడమటి తీరాన ఉండే కొన్ని కుటుంబాల్లో కొడుకులూ కూతుళ్ళూ కూడా జీవితాంతం తల్లి వెంటే ఉంటారట. (మన అత్తగార్లకి ఈ సంగతి తెలియకుండా ఉండటమే మంచిది!) ఇంకా విచిత్రం, మనకిలాగే వాటికీ ఓ వయసు దాటాక పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా అవి ఎన్నో ఏళ్ళు బతుకుతాయి. చేపలు దొరకని కరువు ఏడాదిలో మందకి ముందు నడిచేది ఆ పెద్దావిడలేనని 2015లో శాస్త్రజ్ఞులు రాశారు. ఎక్కడ చేప దొరుకుతుందో ఆ జ్ఞాపకం వాళ్ళకే ఉంటుందట. అదే తీరాన 2018లో ఓ తల్లి, పుట్టిన కాసేపటికే చనిపోయిన బిడ్డని 17 రోజుల పాటు తల మీద మోసుకుంటూ తిరిగింది.

మరి కొలనులోకి ఇవి ఎలా వచ్చాయి? 1965లో షాము అనే పిల్లని పట్టుకున్నప్పుడు దాని తల్లిని ఈటె దింపి చంపారు. షాము 1971లో చనిపోయినా ఆ పేరు చావలేదు. తర్వాత ఆడిన చాలావాటికి వేదిక మీద అదే పేరు పెట్టారు. 1983లో ఐస్‌లాండ్ దగ్గర పట్టుకున్న టిలికం 2010లో తన శిక్షకురాలి ప్రాణం తీసింది. 2013లో దాని కథ బ్లాక్‌ఫిష్ అనే డాక్యుమెంటరీగా వచ్చాక జనం నిలదీశారు. 2016లో సీవరల్డ్ వారు ఇక వీటికి పిల్లల్ని పుట్టించబోమని ప్రకటించారు. 2013లోనే మన దేశంలో డాల్ఫిన్ల ఆటల పార్కులు వద్దని కేంద్ర ప్రభుత్వం చెప్పేసింది.

అయితే న్యాయంగా రెండో మాట కూడా చెప్పాలి. 1960లకు ముందు ఈ జంతువు కనిపిస్తే జాలర్లు తుపాకీతో కాల్చేవారు. రాక్షసి అనుకునేవారు. కొలను ఒడ్డున కూర్చుని దగ్గరగా చూశాకే జనానికి దాని మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమే పెరిగి పెద్దదై, చివరికి 'దీన్ని ఇక్కడెందుకు ఉంచారు?' అని అడిగింది. పంజరమే కదా మనకి చిలక మీద ప్రేమ నేర్పింది!

పోనీ గేటు తీసేస్తే సరిపోతుందా? కీకో అని ఒకటుంది, 1993లో వచ్చిన ఫ్రీ విల్లీ సినిమాలో నటించింది. పిల్లల కోరిక మీద దాన్ని ఎంతో ఖర్చుపెట్టి సముద్రానికి అలవాటు చేశారు. 2002లో అది ఈదుకుంటూ నార్వే తీరం చేరింది. చేరి, మళ్ళీ మనుషుల కోసమే వెతుక్కుంది. ఏడాది తిరిగేసరికి, 2003 డిసెంబరులో, చనిపోయింది. కొలనులోనే పుట్టినవాటికైతే సముద్రం అంటే ఏమిటో కూడా తెలియదు.

అందుకే నాకు తేలిక జవాబు దొరకలేదు. నేను కొట్టిన చప్పట్లు తప్పా? తెలియక కొట్టినవి కావచ్చు. తెలిశాక మళ్ళీ కొట్టగలనా అంటే, కొట్టలేను. కానీ ఆ రాత్రి నన్ను పట్టి కుదిపింది తిమింగలం కాదు. 'ఏం తక్కువ' అనే మన లెక్క. తిండీ, నీడా, మందులూ కూడితే బతుకు అవుతుందని ఎవరు చెప్పారు మనకి? మనం పెట్టినదాన్నే లెక్కేస్తాం గానీ, వాళ్ళు పోగొట్టుకున్నదాన్ని లెక్కెయ్యం. చిత్రమేమిటంటే, అమ్మ కూడా ఆ లెక్కే నేర్చుకుంది. అలవాటు పడ్డవాళ్ళు ఏమీ అడగరు. అడగనంత మాత్రాన అక్కర్లేదని కాదు.

అమ్మని తిమింగలంతో పోలుస్తోందేమిటీ అని నవ్వకండి. దానికి నోరు లేదు. అమ్మకి ఉంది. ఉన్న నోటిని అడిగినవాళ్ళం మేమెవ్వరం కాదు, అదీ తేడా.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ అడిగాను: "అమ్మా, తెనాలి వస్తావా నాతో?"

అమ్మ వెంటనే ఔననలేదు. "ఇల్లు బూజు పట్టిపోయి ఉంటుంది" అంది.

చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనేం తక్కువ చేశానక్కా?" అంది. పాపం, అదేం తక్కువ చెయ్యలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అమ్మ కాళ్ళకి నూనె రాసేది. అమ్మ దాని తల నిమిరి, "నీ దగ్గర తక్కువై కాదే పిచ్చిదానా" అంది గానీ, మరెందుకో చెప్పలేకపోయింది.

నాకు మాత్రం వచ్చిన రోజునే తెలిసింది. తాళం తీసి, ఇల్లు ఊడ్చి, పాలు కాచి పెట్టుకుంది అమ్మ. టాంపాలో ఫ్రిజ్ నిండా పెరుగు డబ్బాలుండేవి. ఇక్కడ తోడు వెయ్యడానికి చుక్క మజ్జిగ లేదు. "పక్కింటావిణ్ణి చెంచాడు అడిగొస్తా" అని చిన్న గిన్నె పట్టుకుని వెళ్ళింది. గంటన్నరకి గానీ తిరిగి రాలేదు. ఈలోగా పాలు చల్లారిపోయాయి.

అంతా సుఖాంతం అని చెప్పను. వీధిలో సగం మంది కొత్తవాళ్ళు. రాత్రిళ్ళు ఒంటరిగా ఉంటుంది. చిట్టి ఫోన్లో కనిపిస్తే కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. మళ్ళీ వెళ్తుందేమో కూడా. వెళ్తే, ఎప్పుడన్నది ఆవిడే చెబుతుంది.

చిట్టి ప్రశ్నకి మాత్రం నేనింకా జవాబు బాకీ ఉన్నాను. వాళ్ళమ్మ ఏదని మళ్ళీ అడిగితే ఏం చెప్పను? ఏడేళ్ళ పిల్లకి ఎంతవరకు చెప్పొచ్చంటారు మీరు?