తడికట్టె ఎక్కడుంది?

"సంతకం పెట్టింది నేనే గదా సార్, పాపం నాదే" అన్నాడు ఒక కొడుకు. అతను సమ్మతి కాగితం మీద సంతకం పెట్టాక, పక్షవాతం వచ్చిన అతని తల్లికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాం. ఆ రాత్రే ఆమె మెదడులో రక్తస్రావమైంది. న్యూరాలజీలో నన్ను ఇంతగా నిలదీసిన మాట ఇంకోటి లేదు.

1995 నాటి అమెరికా అధ్యయనంలో, మూడు గంటల్లోపు ఆల్టెప్లేస్ అనే ఈ ఇంజెక్షన్ పడినవారిలో 6.4 శాతం మందికి ఇలా ప్రమాదకరంగా రక్తం చిమ్మింది. ఉత్తుత్తి మందు పడినవారిలో 0.6 శాతమే. అయినా మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్లు ఇంజెక్షన్ పడినవారిలోనే ఎక్కువ. శాతం గుంపు లెక్క. ఆ తల్లికి మాత్రం రక్తం కారడమో, కారకపోవడమో, రెండే.

మా నాన్న తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథం పాఠం చెప్పేవారు. పొగ ఉంటే నిప్పుందని తేల్చవచ్చు. నిప్పుంది కాబట్టి పొగ ఉందనడానికి మాత్రం వీల్లేదు. ఎర్రగా కాలిన ఇనపగుండుకు పొగ రాదు. తడికట్టె తోడవ్వాలి, దాన్నే ఉపాధి అన్నారు. ఇంజెక్షన్ పడిన ప్రతివారికీ రక్తం కారదు. మరి ఇక్కడ తడికట్టె ఏది?

దానికోసమే స్కాన్ మీద కళ్లు పెట్టుకుని వెతుకుతాం. సీటీలో మెదడు పెద్దమేర అప్పటికే దెబ్బతిన్నదా, ఎమ్మారైలో పాత సూక్ష్మస్రావాల చుక్కలున్నాయా అని చూస్తాం. బీపీ 185/110 దాటి ఉంటే ముందు దించుతాం. రక్తంలో ఎంఎంపీ-9 అనే ఎంజైము ఉంటుంది, రక్తనాళాల గోడకు పట్టుగా ఉన్న పొరను కొరికేది. మందుకు ముందే అది హెచ్చుగా ఉన్నవారిలో రక్తస్రావం ఎక్కువని 2003లో బార్సిలోనా పరిశోధకులు చూపారు. కానీ ల్యాబ్‌లో దాన్ని కొలవడానికి గంటలు పడుతుంది. ఇక్కడ నిమిషం ఆలస్యానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయి.

పైగా ఈ గుర్తుల్లో ఏదీ వ్యాప్తి కాదు, అంటే ఇదుంటే అది తప్పదనే నియమం కాదు. అన్నీ ఉన్నా కారనివాళ్లున్నారు, ఏదీ లేకుండా కారినవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ కొడుకు మాట నేను ఒప్పుకోను. పాపం తెలిసి చేసినదానికి అంటుతుంది. ఆ రాత్రి తెలియగలిగినంత తెలుసుకునే సంతకం పెట్టాడతను. తెల్లవారి తెలిసినదాన్ని వెనక్కి తీసుకెళ్లి అతని నెత్తిన పెట్టడం అన్యాయం. అలాగని "అంతా నుదుటి రాత" అని నేను చేతులు దులుపుకోవడమూ అన్యాయమే, వెతకాల్సిన బాధ్యత నాది గనక.

మంచం పక్కనే నిమిషాల్లో ఎంఎంపీ-9 కొలిచే పరికరం వస్తే తప్పకుండా వాడతాను. అప్పుడు కూడా "ప్రమాదం కొంచెం ఎక్కువమ్మా" అనగలనే గానీ "కారుతుంది" అనలేను. ఆ కొంచెం ఎంతో విడమర్చి చెప్పి, ఇవ్వమంటానో వద్దంటానో కూడా నా నోటితోనే చెప్పి, ఆ తర్వాతే కాగితం ఇంటివాళ్ల ముందు పెట్టాలి.