నవ్వించే మాట ఎవరిది?

ఇంట్లో జరిగే చిన్నాచితకా సంగతులతో కథలల్లి నవ్వించే రచయితలంటే నాకు ఇష్టం. కొంచెం అనుమానం కూడా. పడీపడీ నవ్వుతుండగా గొంతు పట్టేసే కథ చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వెంటపడుతుంది: ఇంతసేపూ నేను నవ్వింది ఎవరి కష్టాన్ని చూసి?

ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుని నవ్విస్తే తప్పులేదంటారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఇంట్లో కష్టం ఒక్కరిదిగా ఎక్కడుంటుంది? కొడుకు తన చిన్ననాటి లేమి గురించి రాస్తే అందులో సగం అమ్మది. మొగుడు సంసారం గురించి రాస్తే సగానికి పైగా పెళ్లానిదే.

మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలే చూడండి. చెప్పేది వెంకటరావు, బడిపంతులు. కాంతం ఆయన మాటకి మాట అంటిస్తుంది, దెప్పుతుంది, చాలాసార్లు ఆయనే నోరు మూసుకోవాల్సొస్తుంది. పెళ్లాల మీద వేసే మామూలు జోకుల్లో పెళ్లానికి తెలివుండదు, ఉండనివ్వరు. కాంతానికి ఉంది. అయితే ఒక మెలిక. ఆవిడ గెలిచిందని మనకి చెప్పేవాడూ వెంకటరావే. ఓడిపోయానని ముచ్చటగా చెప్పుకోవడమూ ఒక మగ విలాసమేనని ఎవరైనా అంటే వెంటనే కాదనలేను.

మా ఇళ్లలో ఓ పెళ్లి కథ ఉంది. మా పిన్ని కొంగున లడ్డూలు మూటకట్టుకుని వస్తుంటే ముడి ఊడి, పందిట్లో అందరి కాళ్ల మధ్యా దొర్లాయట. మా బాబాయి చెబితే కడుపు చెక్కలవుతుంది. లడ్డూలు దొర్లిన తీరు, పిన్ని మొహం, పురోహితుడి కాలు, అన్నీ అభినయిస్తాడు. అదే కథ పిన్ని చెబితే చాలా పొట్టి. "నాలుగు దొర్లిపోయాయి, రెండు మిగిలాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఇంటికొచ్చేదాకా లెక్కలే." అని ముందు తనే నవ్వుతుంది. మనకి మాత్రం నవ్వాలో వద్దో తెలీదు. బాబాయిది అబద్ధం కాదు. ఆ లెక్క మాత్రం ఆయన కథలో లేదు.

ముళ్లపూడి వెంకటరమణగారికి ఈ లెక్క బాగా తెలుసనిపిస్తుంది. అప్పు అడిగేవాడంటే లోకానికి లోకువ. ‘ఋణానందలహరి’లో అప్పారావుని చూడండి, అడగడాన్ని ఓ కళ చేసుకున్నాడు. మాట అంతా అతని దగ్గరే ఉంటుంది, ఇచ్చేవాడు బిక్కమొహం వేసుకుని జేబు తడుముకుంటాడు. తండ్రి పోయాక తన ఇంట్లో చూసిన ఇబ్బందుల్ని రమణగారు ‘కోతి కొమ్మచ్చి’లో చెప్పుకున్నారు, అక్కడా నవ్విస్తూనే. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అప్పారావు వాగ్ధాటి ఎందుకంత అవసరమో తెలుస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి నోరైనా ఉండాలి గదా.

ఆ నోరు అందరికీ దక్కలేదు. మన పాత హాస్యకథల్లో పనిమనిషి, రిక్షావాడు, పల్లెటూరి చుట్టం వచ్చారంటే వాళ్ల యాసే జోకు. ఏం మాట్లాడారన్నది అనవసరం, ఎలా పలికారో వినిపించి రచయిత మనకేసి కన్ను గీటుతాడు. అలాంటి కథలు నేనూ బోలెడు చదివాను, వాటిలో కొన్ని నిజంగా నవ్వొచ్చేవే.

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’కి వస్తే ఇదంతా తిరగబడుతుంది. చిత్తూరు జిల్లా పల్లె యాస అక్కడ ఏదో పాత్ర నోట్లో పెట్టిన తమాషా కాదు, కథ మొత్తం చెప్పేది అదే. అమ్మ తిట్లు, ఆకలి, సేద్యం, అన్నీ ఆ భాషలోనే. నవ్వొస్తుంది, ఆ మనుషుల చమత్కారానికి. యాస రానివాడు అక్కడ పట్నం పాఠకుడు. మాట అర్థం కాక పక్కవాణ్ణి అడగాల్సిందీ అతనే.