కనబడకపోతే లేనట్టేనా?

ఒక వస్తువు కనబడలేదు కాబట్టి అది అక్కడ లేదని చెప్పవచ్చా? మన దర్శనకారులు తరతరాలుగా వాదించుకున్న ప్రశ్న ఇది. కుమారిల భట్టు శాఖకు చెందిన మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, జ్ఞానాన్నిచ్చే ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నారు. నైయాయికులు కాదన్నారు; అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, కూడా ప్రత్యక్షంతోనే తెలుసుకుంటామన్నారు. వారి పక్షాన మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పినవి నాలుగు ప్రమాణాలే. ఇంత వాదులాటలోనూ ఒక షరతు దగ్గర మాత్రం ఇరుపక్షాలూ కలిశాయి. ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడనప్పుడే ‘లేదు’ అనాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

నేను హైదరాబాదులో క్రిమిసంహారకాలను పరీక్షించే ల్యాబులో మైక్రోబయాలజిస్టుని. సాయంత్రాలు వేదాంత పరిభాష పాఠానికి వెళ్లేదాన్ని. అక్కడ విన్న ఈ షరతు నాకు ఒంటబట్టింది మాత్రం పెట్రి ప్లేట్ల ముందే.

హోటల్ వంటగది గచ్చు తుడిచే మందు ఒకటి పరీక్షకు వచ్చిందనుకోండి. ఈఎన్ 1276 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం మందును కఠిన జలంలో కలుపుతాం. నిజం గచ్చు మీద మురికి ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియాను ముందు ఆల్బుమిన్‌తో కలుపుతాం. మిల్లీలీటరుకు కోటికి పైగా బ్యాక్టీరియా ఉండేలా ఆ మిశ్రమంలోకి మందు పోస్తాం. స్టాప్‌వాచ్ ఐదు నిమిషాలు చూపగానే ఒక మిల్లీలీటరు తీసి, మందు పనిని అక్కడికక్కడే ఆపే న్యూట్రలైజర్‌లో వేస్తాం. ఆ తర్వాత ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోకి వెళతాయి. బతికినవి లక్షో వంతుకు పడిపోతే మందు పాసయినట్టు. మర్నాడు చూస్తే ప్లేటు మీద ఒక్క కాలనీ కూడా లేదనుకోండి. ‘నిల్’ అని రాసేయడానికి చెయ్యి ముందుకు పోతుంది.

కానీ ప్లేటు ఖాళీగా ఉండడానికి రెండు కారణాలుంటాయి. బ్యాక్టీరియా చచ్చిపోయి ఉండొచ్చు. లేదా వాటితోపాటు ప్లేటు మీదికి వచ్చిన మందు వాటిని పెరగనివ్వక నొక్కిపెట్టి ఉండొచ్చు. మెర్క్యూరిక్ క్లోరైడ్ ఆంథ్రాక్స్ స్పోర్లను చంపుతుందని ప్రసిద్ధ బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ 1881లో ప్రకటించాడు. 1889లో గెప్పర్ట్ అనే మరో శాస్త్రవేత్త, స్పోర్లను అంటిపెట్టుకుని మిగిలిపోయిన ఆ మందులోని పాదరసాన్ని అమ్మోనియం సల్ఫైడ్‌తో తొలగించి చూస్తే, చచ్చాయనుకున్న స్పోర్లు మొలకెత్తాయి. కోఖ్ అంతటి వాడికే ఖాళీ ప్లేటు అబద్ధం చెప్పింది.

అందుకే ఈఎన్ 1276లో కంట్రోల్స్ పెట్టారు. ముందు మందునీ న్యూట్రలైజర్‌నీ కలిపి, ఆ మిశ్రమంలో లెక్కకు అందేటన్ని బతికున్న బ్యాక్టీరియాను వేస్తాం. వాటిలో కనీసం సగం మొలకెత్తాలి. మొలకెత్తకపోతే ఆ రోజు ఖాళీ ప్లేట్లకు విలువే లేదు. న్యూట్రలైజరే వాటిని చంపుతోందేమోనని ఇంకో కంట్రోల్ ఉంటుంది. మొదటి లెక్క అయ్యాక ప్లేట్లను మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టి ఇంకో రోజు చూస్తాం. దెబ్బతిని ఆలస్యంగా తేరుకునేవి అప్పుడు బయటపడతాయి. ‘లేదు’ అనే ముందు, ఉంటే నాకు కనబడేదని రుజువు చేసుకోవడమే ఇదంతా.

ఒకసారి ఒక కంపెనీవాళ్లు, “వేరేచోట నిల్ వచ్చిందండీ, మీ దగ్గర కాలనీలెందుకు వచ్చాయి?” అని నిలదీశారు. పాత రిపోర్టు తెప్పించి చూస్తే అందులో న్యూట్రలైజర్ ఊసే లేదు. అది క్వాటర్నరీ అమ్మోనియం మందు. దాని పని ఆపాలంటే లెసిథిన్, పాలీసార్బేట్ 80 కావాలి. చీకటి గదిలో నిలబడి కుండ లేదని సంతకం పెట్టిన కాగితం ఆ రిపోర్టు. కంట్రోల్ ప్లేటు మానేస్తే మీడియా ఖర్చు కలిసొస్తుంది, ఒక మనిషి శ్రమ తగ్గుతుంది, పైకి ఎవరికీ తెలియదు. ఆ కాగితాన్ని నమ్మి తుడిచిన గచ్చు మీద ఎవరి పిల్లలో తిరుగుతారు.

పతంజలి అష్టాంగ యోగంలో సత్యాన్ని యమాల్లో, శౌచాన్ని నియమాల్లో పెట్టాడు. యమం ముందు, నియమం తర్వాత. ఆ వరస మారకూడదని నా వృత్తి నాకు నేర్పింది. సత్యం తోడులేని శౌచం మురికికన్నా ప్రమాదం. మురికిని చూస్తే మనిషి జాగ్రత్త పడతాడు, శుభ్రమని రాసి ఉంటే చెయ్యి పెట్టేస్తాడు.

ఆసుపత్రికో, హాస్టలుకో, ఇంటికో మందు కొనేవాళ్లకు నాదొక మనవి. సీసా మీద 99.9 శాతం అని చూసి ఆగిపోకండి. కోటి బ్యాక్టీరియాలో 99.9 శాతం పోయినా పదివేలు మిగులుతాయి. లక్షో వంతుకు పడితే మిగిలేవి వంద. ఏ పద్ధతిలో పరీక్షించారు, ఎన్ని నిమిషాలు ఉంచారు, న్యూట్రలైజర్ వాలిడేషన్ చేశారా అని అడగండి. ఈ వివరాలున్న రిపోర్టు చూపించలేనివాళ్ల మందు కొనకండి.