శల్య సారథ్యం మన టీమ్‌లోనూ ఉందా?

ఈ వారం వీడియోలో కర్ణుడు, శల్యుడి ఘట్టం చెప్పుకున్నాం కదా. రథం తోలేవాడే సొంత వీరుణ్ణి దెప్పిపొడిస్తే ఏమవుతుంది? మా విజయనగరానికి క్రికెట్‌లో అలాంటి కథే ఒకటుంది.

1936 ఇంగ్లండ్ టూర్‌కి ఇండియా కెప్టెన్ మా విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. ఆటకన్నా హోదా తెచ్చిన పదవి అది. అదే జట్టులో ఆయనకన్నా ఎంతో గొప్ప ఆటగాడు, మన తెలుగువారే, సి.కె. నాయుడు ఉన్నారు. ఇద్దరికీ పడలేదు, జట్టు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే క్రమశిక్షణ పేరుతో వెనక్కి పంపేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒక్కటీ గెలవలేదు. తర్వాత విచారణ కమిటీ విజ్జీ కెప్టెన్సీనే తప్పుపట్టింది.

విజ్జీకి క్రికెట్ మీద ప్రేమ లేదా అంటే, ఉంది! 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివాళ్లని తన జట్టులోకి రప్పించిన మనిషి. ప్రేమ ఉన్నా పగ్గాలు అహంకారం చేతికిస్తే బండి బోల్తాయే.

కృష్ణుణ్ణి చూడండి. ద్వారకకి ప్రభువై ఉండి, యుద్ధం మధ్యలో అర్జునుడి గుర్రాలకి నీళ్లు పట్టాడు.

నేనూ టీమ్‌లో కోడ్ రాసుకునేవాణ్ణే కాబట్టి చెప్తున్నా. రేపు మీటింగ్‌లో జూనియర్ మీకన్నా మంచి ఐడియా చెప్తే లోపల చిన్న మంట పుడుతుంది. కోపం బుద్ధిని ఎలా తినేస్తుందో గీత రెండో అధ్యాయం చెప్పింది ఆ మంట గురించే. అప్పుడు ఆ ఐడియాని వాళ్ల పేరుతోనే మేనేజర్‌కి చెప్పండి. ఆ రోజుకి అదే మీ పూజ.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.