అనుభవ దాసోహము

శ్రీ గురు బసవలింగాయ నమః

తూర్పు కనుమలలో అరకు లోయకు పోవు దారిని, అనంతగిరి కొండల నడుమ బొర్రా గుహలు కలవు. గోస్తనీ నది ఆ సున్నపురాతి కొండను తొలుచుకొని ప్రవహించుచున్నది. గుహ లోపల పైకప్పునుండి నీరు బొట్టు బొట్టుగా జారి, ప్రతి బొట్టును తనలోని సున్నమును అణువంత విడిచిపోగా, యుగముల తరబడి లింగాకారమైన శిల యొకటి పెరిగినది. చుట్టుపట్ల గిరిజనులు దానిని శివునిగా కొలుతురు. దానిని గూర్చి వారిలో ఒక కథ కలదు. కొండపై మేయుచున్న ఆవు పైకప్పునందలి బిలమునుండి గుహలోనికి పడిపోయెనట. కాపరి దానిని వెదకుచు చీకటిలోనికి దిగిపోగా ఆవు ప్రాణములతో నుండెననియు, అచ్చట అతనికి లింగము కనిపించెననియు చెప్పుదురు.

బసవేశ్వరుడు భక్తుని స్థావరలింగమునకు కట్టివేయలేదు. ఇష్టలింగమును అరచేతి కందించెను. అయినను ఈ కథలో శరణులు గ్రహింపదగిన తత్త్వము కలదు. పడిన ప్రాణిని వెదకుచు చీకటిలోనికి దిగినవానికే శివుడు కనిపించెను. గట్టుపై నిలిచి అయ్యో యన్నవానికి కాదు.

మెదడులో రక్తస్రావమై ప్రాణములతో బయటపడినవాని స్థితియు ఆ పడిన ప్రాణి స్థితి వంటిదే. నిన్నటివరకు కొండ యెక్కి దిగినవాడు, సంతలో బేరమాడినవాడు, పదిమందిలో పాట పాడినవాడు ఒక్క ఘడియలో తనకు తానే తెలియని చీకటిలో పడును. వైద్యుడు ప్రాణమును నిలుపును. ఆ పిమ్మట నెలలు, ఏండ్లు సాగు దారిలో అతనికి తోడెవరు? ఈ ప్రశ్నకు శరణధర్మము చెప్పు సమాధానమే ఈ ప్రవచనమునకు విషయము.

వ్యాధి శాపము కాదు

మెదడునందలి రక్తనాళము చిట్లి, నెత్తురు మెదడులోనికో, మెదడు చుట్టునున్న పొరల నడుమకో పొంగుటయే ఈ వ్యాధి. ఏండ్ల తరబడి అదుపులేని రక్తపోటు దీనికి ముఖ్యకారణము. కొందరికి నాళము ఒకచోట బుడగవలె ఉబ్బి పగులుట వలనను, మరికొందరికి పుట్టుకతో వచ్చిన నాళముల చిక్కు వలనను కలుగును. నెత్తురు గడ్డ అడ్డుపడి నాళము మూసికొనిపోవుట వలన వచ్చు పక్షవాతము వేరు. పైకి రెండును ఒకే తీరుగ కనిపించును గాని, ఏది యేదో స్కానింగు పరీక్ష వలననే తేలును. కనుక మూతి వంకరపోయినను, చేయి జారిపోయినను, మాట తడబడినను, ఎన్నడు నెరుగని తలనొప్పి పిడుగువలె పడినను, క్షణమైన ఆలసింపక 108కి కబురుచేసి రోగిని ఆసుపత్రికి చేర్పవలెను.

కొండపల్లెలలో కొందరు ఇట్టి వ్యాధిని చిల్లంగి యనియు, దేవత కోపమనియు తలతురు. మైదానమున చదువుకొన్నవారు సైతము పూర్వజన్మ పాపమందురు. పావురపు నెత్తురు పూసినచో పక్షవాతము తగ్గునని పరుగులు తీయుదురు. మూఢవిశ్వాసమును ఖండించి జీవకారుణ్యమును బోధించిన బసవేశ్వరుని అనుయాయులు ఇట్టి మాటలను నోటికి రానీయరాదు. రోగిని పాపి యనుట వ్యాధి కొట్టిన దెబ్బపై రెండవ దెబ్బ కొట్టుటయే.

డోలీ నేర్పు పాఠము

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు, పాడేరు ప్రాంతముల కొండకొమ్ములపై బండిదారి లేని పల్లెలు ఇంకను కలవు. అచట జబ్బుపడినవారిని డోలీలో మోసికొని వత్తురు. దుప్పటిని గట్టి కఱ్ఱకు ఉయ్యెలగా కట్టి, రోగిని అందు పరుండబెట్టి, ముందొకరు వెనుకొకరు భుజమున కెత్తుకొందురు. ఒకరు అలసినచో వేరొకరు భుజమిత్తురు. దారి లేకపోవుట పొగడదగిన సంగతి కాదు. ఆ దారులు పడవలసియే యున్నది. కాని మోయువారి హృదయము మాత్రము నమస్కరింపదగినది. దాసోహమన నెట్టిదో వారిని చూచి నేర్వవచ్చును.

అరకునుండి విశాఖపట్టణము సుమారు 115 కిలోమీటర్లు. ఘాటు దారిని దిగి, పెద్దాసుపత్రిలో చికిత్స పొంది, రోగి తిరిగి యిల్లు చేరును. మొదటివారము ఊరంతయు చూడవచ్చును. నెల తిరుగునప్పటికి ఇద్దరు ముగ్గురు మిగులుదురు. ఆరు మాసములకు ఆలియో తల్లియో తప్ప వేరొకరు కనిపింపరు. నిజమునకు మోయవలసిన దూరము అప్పుడే మొదలైనది. కొండ దిగుట ఒక పూట పని. కోలుకొనుట ఏండ్ల పని. ఆ భారమునకును భుజము మార్చుకొనువారు కావలయును.

సాధారణముగా మొదటి మూడు మొదలు ఆరు మాసములలో మేలు వడివడిగా కనిపించును. తరువాత నడక మందగించును. చూచువారు ఇంతటితో ఆగిపోయినదని నిరాశ చెందుదురు. కాని మెదడు కొత్తదారులు వెదకుకొనుట ఏండ్ల పర్యంతము సాగుచుండును. గుహలో నొక బొట్టు వెంట నొక బొట్టు రాలునట్లు, నేడు ఒక వ్రేలు, మరునెల ఒక మాట. ఇంటివారు దానిని గుర్తింపలేకపోవచ్చును. ఆ దారి నడచినవాడు మాత్రము చూచినంతనే గుర్తించును.

కంటికి కానరాని గాయము

పడిపోయిన చేయి అందరికి కనిపించును. మనస్సునకు తగిలిన గాయము ఎవరికిని కనిపింపదు. అరగంట మాటలాడినంతనే వచ్చు నిస్సత్తువను ఇంటివారు సోమరితన మనుకొందురు. కారణము లేకయే ఏడ్పు, అకాలమున నవ్వు, వెలుతురును చప్పుడును ఓర్వలేకపోవుట, చెప్పిన మాట మరచుట, పిల్లలపై కోపము, ఇవన్నియు గాయపడిన మెదడు లక్షణములే గాని గుణదోషములు కావు. పక్షవాతము పాలైనవారిలో సుమారు మూడవవంతు మందికి తీవ్రమైన దిగులు పట్టుకొనునని వైద్యశాస్త్రము తేల్చినది. ఇట్లు బ్రతికి ఏమి ప్రయోజనమని లోలోన కుములువారు పెక్కుమంది. ఆ మాట ఇంటివారితో అనలేరు, వారు బాధపడుదురని. వైద్యునితో అనలేరు, ఆయనకు తీరిక యుండదని. తనవంటి వాడొకడు వచ్చి ప్రక్కన కూర్చుండి, "అన్నా, నాకును అట్లే తోచెడిది; రెండవ యేట తగ్గినది" అన్నచో నోరు విప్పుదురు. ఆ ఒక్క వాక్యము ఆరోగ్యవంతుడు చెప్పినచో ఓదార్పు. అనుభవించినవాడు చెప్పినచో సాక్ష్యము.

అరచేయి వశము తప్పినచో

శరణునకు ఇందు మరియొక వేదన కలదు. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి, కుడిచేత పూజించుట సంప్రదాయము. మెదడు కుడిభాగము దెబ్బతిన్నచో ఎడమ చేయి, లింగమునకు పీఠమైన చేయియే, పట్టు తప్పును. ఎడమభాగము దెబ్బతిన్నచో కుడిచేయి పడిపోవుటయే గాక తరచు మాటయు పోవును. పంచాక్షరి పెదవులపైకి రాదు. బాల్యము మొదలు ఒక్కనాడును పూజ మానని భక్తుడు, శివుడు తన చేతిని విడిచెనని తలచి కన్నీరు పెట్టును.

అట్టివానికి శరణధర్మము ధైర్యము చెప్పుచున్నది. దేహమునే దేవాలయముగా చూపిన గురువు, ఆలయమున ఒక కంబము ఒరిగినంత మాత్రమున దేవుడు లేచిపోవునని చెప్పునా? వణకు చేతిక్రింద తోటిభక్తుడు తన చేయి ఆనించి నిలిపినచో, ఆ పూజ రెండింతల పూజయే. ఇక మాట విషయమున వైద్యులెరిగిన విశేషమొకటి కలదు. సొంతముగా వాక్యము కూర్పలేనివారిలో కొందరు పాటను మాత్రము పాడగలరు; చిన్ననాట కంఠస్థమైన ప్రార్థనను పలుకగలరు. 1973లో బోస్టన్ వైద్యులు ఈ గుణమును ఆధారము చేసికొని, మాటను రాగముగా సాగదీసి నేర్పు పద్ధతిని ప్రకటించిరి. కనుక మాట పోయినవానిని భజననుండి తొలగింపరాదు. నడుమ కూర్చుండబెట్టి, నామమును మెల్లగా, తాళముతో అందింపవలెను. పలికినను పలుకకున్నను అతడు ఆ పంక్తిలోనివాడే.

అనుభవ మంటపము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు అల్లమప్రభువు అధ్యక్షుడుగా కూడిన సభకు అనుభవ మంటపమని పేరు. పండితులు మాత్రమే అచట కూర్చుండలేదు. మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, హరళయ్య చెప్పులు కుట్టువాడు. ఎవరి బ్రతుకున వారు కనుగొన్న సత్యమును వారు చెప్పుకొనిరి. తక్కినవారు చెవియొగ్గి వినిరి. చదువుకంటె అనుభవమునకు పెద్దపీట వేసిన ఆ సంప్రదాయమునకు వారసులైనవారికి, రోగి అనుభవము మరియొక రోగికి దీపమగునను మాట వింతగా తోపరాదు.

ప్రపంచము కూడ ఈ సంగతిని తెలిసికొనుచున్నది. మెదడునకు గాయమైనవారికిని వారి కుటుంబములకును అండగా బ్రిటన్‌లో 1979లో హెడ్‌వే అను సంస్థ వెలసినది. అమెరికాలో మెదడునే పరిశోధించు శాస్త్రవేత్త జిల్ బోల్ట్ టేలర్‌కు 1996 డిసెంబరు 10న, ముప్పదియేడవ యేట, మెదడు ఎడమభాగమున రక్తస్రావమయ్యెను. కొన్ని గంటలలో నడక, మాట, చదువు, వ్రాత అన్నియు పోయినవి. తల్లి వచ్చి ఆమెను పసిబిడ్డవలె చేరదీసెను. పూర్తిగా కోలుకొనుటకు ఎనిమిది సంవత్సరములు పట్టినది. తరువాత ఆమె తన గ్రంథమున రోగి యేమి కోరునో వివరించెను: దగ్గరకు వచ్చి మెల్లగా మాటలాడుట, తెలివిలేనివానిగా చూడకుండుట, కావలసినంత నిద్రపోనిచ్చుట, చిన్న గెలుపునకు సంతోషించుట. ఇంత శాస్త్రము తెలిసిన యామెకే లోపలినుండి చూచిన పిమ్మట గాని ఈ సంగతులు పూర్తిగా తెలియలేదన్నచో, అనుభవము విలువ యెంతటిదో యోచింపవలెను.

ఇంటివారి ప్రేమ యొక్కటే చాలునా? మన దేశమున 14 ఆసుపత్రులలో 1250 మంది పక్షవాత రోగులతో ఒక పెద్ద పరిశోధన జరిగినది. కుటుంబములో నొకరికి శిక్షణ యిచ్చి ఇంటియొద్దనే సాధన చేయించి చూచిరి. 2017లో వెలువడిన ఫలితము ప్రకారము, ఆరు మాసముల పిదప ఆ శిక్షణ వలన అదనపు మేలు కనిపింపలేదు. దీనివలన ఇంటివారి సేవ వ్యర్థమని తలపరాదు. ఆ భారమంతయు ఒక్క ఇల్లాలిపై మోపి ఊరు చేతులు దులుపుకొనరాదని మాత్రము గ్రహింపవలెను. నిపుణుని చేయియు, సాటివాని తోడును, సంఘము నీడయు కలిసి కావలయును.

ఆచరించు విధము

ఈ సేవకు ధనము ముఖ్యము కాదు. కొండప్రాంతమున వారపు సంత యుండనే యున్నది. దూరపు పల్లెలవారును ఆనాడు దిగివత్తురు. కోలుకొనుచున్నవారు, వారి ఇంటివారు సంతనాడు ఒక చెట్టునీడను గంటసేపు కలిసికొనవచ్చును. ఆశా కార్యకర్త సాయముతో అందరికి రక్తపోటు చూపించుకొనవచ్చును. దిగి రాలేనివాని యింటికి, రెండు మూడేండ్ల క్రితము ఆ దారి నడచిన వాడొకడు నెలకొకసారియైన పోవలెను. వాడు ఆ ఊరి భాష మాటలాడువాడైనచో మరియు మేలు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తేటతెలుగు ద్విపదలో చెప్పినది సామాన్యుని చెవికి చేరుటకే కదా! కువి భాషయో, ఆదివాసీ ఒడియాయో మాతృభాషగా గలవానికి తప్పిపోయిన మాట ఆ భాషలోనే వెదకి యీయవలెను.

పోయినవాడు పాటింపవలసిన నియమములు కలవు. తన మాత్ర ఎదుటివాని కీయరాదు. గడ్డకట్టిన వ్యాధికి మేలుచేయు మందు రక్తస్రావమైనవానికి ప్రాణాంతకము కావచ్చును. వైద్యుడిచ్చిన రక్తపోటు మాత్రను, బాగున్నదిగదా యని మానుమని చెప్పరాదు. మానుట వలననే వ్యాధి తిరుగబెట్టవచ్చును. "నేను ఆరు నెలలలో నడచితిని, నీవేల నడువవు?" అని పోల్చరాదు. తప్పక బాగగునని లేని వాగ్దానము చేయరాదు. చావు మాట వినబడినచో దాచక ఇంటివారికి, వైద్యునికి తెలుపవలెను. తక్కువ మాటలాడి ఎక్కువ వినవలెను. సేవచేయు ఇల్లాలిని సైతము, "నీవు అన్నము తింటివా తల్లీ?" అని అడుగవలెను.

కాయకము పోలేదు

చివరకు రోగి స్వయముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. కాఫీతోటలో పండ్లు కోయలేకపోయితినని, మిరియపుతీగకై చెట్టు ఎక్కలేకపోయితినని అతడు తాను నిష్ప్రయోజకుడ ననుకొనును. నేల రాలిన బియ్యపుగింజల నేరుట ఆయ్‌దక్కి మారయ్య కాయకము. అనుభవ మంటపము ఆ కాయకమును చిన్నచూపు చూడలేదు. వశము తప్పిన వ్రేళ్ళతో చేటలోని రాజ్మా గింజలు ఒక్కొక్కటి ఏరుట నేడు అతని కాయకము. అది చేతికి సాధనయు నగును.

రేపు మరియొక కాయకము అతనికై వేచియున్నది. క్రొత్తగా పడినవా డొకడు పై ఊరిలో గోడవైపు తిరిగి పరుండి యుండును. వాని దగ్గరకు వైద్యుడు పోగలడు, బంధువు పోగలడు, జంగమయ్య పోగలడు. కాని "నేనును ఇట్లే పడియుంటిని" అని చెప్పగలవాడు ఇతడొక్కడే. జంగమత్వము కాళ్ళలో లేదు. ఎదుటివాని బాధవైపు కదలు మనస్సులో కలదు. చేతికఱ్ఱ ఊనుకొని, అడుగడుగున ఆగుచు, తోటివాని గుమ్మము చేరినవాడు నిజమైన జంగముడు. అతడు సమర్పించిన దాసోహము తన అనుభవమే.

ప్రతి గ్రామమున శరణులు తమ చుట్టునున్న ఇండ్లలో ఇట్టివారెవరున్నారో ఈ మాసముననే విచారింతురుగాక. ఒకరిని ఒకరి యొద్దకు చేర్తురుగాక. ఆరు మాసములు గడచిన పిమ్మటను ఆ గుమ్మము త్రొక్కుట మానకుందురుగాక.

శరణు శరణార్థి.