ఆటస్థలములో అల్లిక

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె గుణగణములు వర్ణించి చెప్పలేదు. ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చేతబట్టుకొని ఏడ్చుచు చూపిరి. 39వ వచనమును నిదానముగా చదువుడి. ఆమె తమతోకూడ ఉండగా చేసినవని వ్రాయబడినది. ఒంటరిగా తలుపు వేసికొని కుట్టి పంపినవి కావు. పదిమంది నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు కుట్టినవి. ఆ బట్టలలో ఆమె సహవాసము కూడ నున్నది.

ఇది ఎందుకు వ్రాయుచున్నాననగా, కోతల పండుగనాడు మన పిల్లలు కబడ్డీ ఆడుచుండగా కొందరు స్త్రీలు వేపచెట్టు క్రింద ఊలు, సూదులు తీసి అల్లుచుండిరి. “అయ్యగారూ, ఆటకు వచ్చినవారు ఆట చూడవలెను గదా!” అని ఒక పెద్ద అడిగెను. అడుగదగిన మాటయే. అయితే మంచి రైడు వచ్చినప్పుడు అందరికంటె ముందుగా కేకవేసినది ఆ చెట్టుక్రిందివారే.

అమెరికాలోని సియాటిల్ పట్టణమున 2005లో అల్లికపనివారు కుటుంబములతోను, తోటి పనివారితోను కూర్చుండి అల్లుకొనుచు చూచుటకని ఒక బేస్‌బాల్ ఆటను ఏర్పరచిరి. తరువాత ఇతర పట్టణములలోను అట్లే జరిగినది. ఆ ఆట మన కబడ్డీవలె ఇరువది నిమిషముల రెండు భాగములతో ముగియునది కాదు. బంతికి బంతికి నడుమ తీరిక యుండును. పైగా ఆ బంతిలోపల ఊలుదారమే చుట్టబడియుండును. దానిపై తోలును 108 జంటకుట్లతో చేతితోనే కుట్టుదురు. కాబట్టి ఆ మైదానమునకు ఊలు పరాయిది కాదు.

మనకు మాత్రము పరాయిదా? గొర్రెలు కాచు కురుమల యిండ్లలో స్త్రీలు నల్ల ఊలును వడుకగా, పురుషులు నేయగా, చింతగింజల గంజి పట్టించగా గొంగడి యగును. ఒక గొంగడిలో ఇల్లంతయు నుండును.

ఇంతవరకు చదువుట సుఖమే. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో మరియొక చేతిపని గలదు. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు, దారము. మన సహోదరీలనేకులు ఆ చాట నెక్కడికైనను తీసికొని పోవుదురు. ఆటస్థలమునకును తెత్తురు. అది ముచ్చటకు కాదు. వెయ్యి బీడీల లెక్కన కూలి. లెక్క తగ్గినచో కూలి తగ్గును. కుమారుడు కూతకు పోయినప్పుడు కూడ ఆమె కన్ను ఆకుమీదనే యుండును. ఆమె యెదుట నిలిచి, చేతిపనిలో ఆనందము గలదని నేను బోధించినయెడల ఆమె నవ్వును, నవ్వుట న్యాయమే. ఒకరి చేతులకు విశ్రాంతియైన పని, ప్రక్కనున్నవారి చేతులకు కాడియై యున్నది. ఇద్దరు ఒకే చాపమీద కూర్చున్నంత మాత్రమున అది సహవాసము కాదు.

మా సంఘస్త్రీలు దీనిని నాకంటె ముందు గ్రహించిరి. ఆటనాడు అట్టి సహోదరి వచ్చినప్పుడు, బీడీపని తెలిసిన ఇద్దరు ఆమె చాటను తమ ఒడిలోనికి తీసికొని ఆ పూట లెక్క పూర్తిచేయవలెనని అనుకొనిరి. ఆమె కావలెనన్న అల్లవచ్చును, లేదా ఊరక కూర్చుండి ఆట చూడవచ్చును. సంఘములోనివారు పొగాకు ముట్టవచ్చునా అని కొందరడుగుదురు. అడుగనిండు, ఆ ధూళిని ఆమె ప్రతిదినము పీల్చుచున్నది, ఆ సంగతి ఎవరడిగిరి?

ఈ చలికాలమున పసిపిల్లల టోపీలు అల్లదలచినవారు రండి. సూదులు లేనివారు మా యింట అడిగి తీసికొనవచ్చును. చాటలు గలవారు చాటలతోనే రండి.